లిండ్‌హోమ్ వాళ్ళిల్లు

ఆ ఇల్లు మేం కొనుక్కున్నాం. పైకప్పు రెండుసార్లు మార్పించాం. పాత బావి ఎండిపోతే కొత్తది తవ్వించాం. నా పిల్లలు ముగ్గురూ ఆ మేడమెట్ల మీంచే దొర్లి పళ్ళూడగొట్టుకున్నారు. అయినా మా లోరింగ్ కౌంటీలో ఎవర్ని కదిపినా అది లిండ్‌హోమ్ వాళ్ళిల్లే. వెంజెల్ వాళ్ళిల్లెక్కడ అని అడిగితే జనం మొహం తేలేసి, కాసేపు గడ్డం గోక్కుని, ఆ, లిండ్‌హోమ్ వాళ్ళింట్లో ఉంటారే, వాళ్ళా, అనేవారు. ఉంటారట. అద్దెకున్నట్టు.

ఆ వెంజెల్ ఇల్లాలిని నేనే. పేరు ఆర్డిస్. నాకు ముక్కు మీద కోపమని మా ఆయన డ్వైట్ ఊరంతా చెప్పుకునేవాడు. నలభయ్యేళ్ళు ఇంకొకావిడ పేరు నెత్తిన పెట్టుకుని బతికితే ఎవరికి రాదో చెప్పమనండి.

జనం నోటిమాటయితే పోనీలే అనుకుందును. ప్రతి గురువారం వచ్చే మా 'హెరాల్డ్' పత్రికలోనూ అదే. అందులో నీవా థార్ప్ అనే ఆవిడ ఇరుగుపొరుగు కబుర్లు రాస్తుంది. ఎవరింటికి ఎవరు ఆదివారం భోజనానికెళ్ళారు, ఎవరికి తుంటి ఎముక మార్చారు, ఎవరి ఆవుకి కవల దూడలు పుట్టాయి, అన్నీ ఆవిడకే కావాలి. మా పెద్దమ్మాయి పెళ్ళి మా పెరట్లోనే చేశాం. 'లిండ్‌హోమ్ వారి ఆవరణలో జరిగిన చక్కని వేడుక' అని వేసింది మహాతల్లి. మా మొక్కజొన్న మీద వడగళ్ళు పడి నేల నాకించేసిన ఏడు 'లిండ్‌హోమ్ వారింటి దగ్గర కోడిగుడ్డంత వడగళ్ళు' అని రాసింది. నష్టం మాది, వడగళ్ళు మాత్రం వాళ్ళవి.

ఇంతకీ ఆ లిండ్‌హోమ్ అనే మనిషి ఎక్కడో సమాధిలో ఉంటే నా బాధ ఇంతుండేది కాదు. సిగ్నే లిండ్‌హోమ్ మా కౌంటీ కేంద్రం ఓస్బీలోనే ఉండేది, రాయిలా. భర్త ఆక్సెల్ పోయాక పొలం, ఇల్లు మాకమ్మి అక్కడ చిన్న ఇల్లు తీసుకుంది. పొడుగాటి స్వీడిష్ మనిషి. మే నెలాఖరులో సమాధులకు పూలు పెట్టే డెకరేషన్ డేకి ముందు రోజు, ఏడాది తప్పకుండా, బకెట్టూ కత్తీ పట్టుకుని మా ఇంటికొచ్చేది. ఇంటికి దక్షిణం పక్కన పియొనీ మొక్కల వరస ఉంది. పెళ్ళయి వచ్చిన ఏడు ఆవిడే నాటిందట. పిడికిలంత మొగ్గలు, వాటి మీద చీమలు, విచ్చుకుంటే ఒక్కో పువ్వు చిన్న క్యాబేజీ అంత. ఆక్సెల్ సమాధికి ఆ పూలే కావాలి ఆవిడకి.

ముందు తలుపు కొట్టి అడుగుదామని ఉండేది కాదు. కారు దిగి నేరుగా వరస దగ్గరికి వెళ్ళి వంగి కోసుకునేది. బకెట్టు నిండాక అప్పుడు వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి, ఈ ఏడు మొగ్గలు చిన్నవయ్యాయేం, పొయ్యి బూడిద వెయ్యలేదా, అని నన్నడిగేది. నా ఇంటి ముందు, నేను నీళ్ళు పోసి పెంచిన మొక్కల దగ్గర నిలబడి నన్నే లెక్క అడిగేది. కాఫీ తాగమంటే లోపలికి రాదు. గుమ్మంలోనే నిలబడి నా భుజం మీంచి వంటింట్లోకి తొంగి చూసేది. నేలెంత శుభ్రంగా ఉందో చూస్తోందనుకునేదాన్ని. ఆ ముందురోజు మోకాళ్ళ మీద కూర్చుని నేలంతా రుద్దేదాన్ని, ఆవిడకి ఒక్క మరక దొరక్కూడదని.

అది ఈర్ష్యే. దానికి ఇంకో పేరు పెట్టను. ముసలావిడకి మిగిలిందల్లా ఒక్క పేరు. ఆ పేరు మీద నా కడుపు భగ్గుమనేది.

అలాంటప్పుడు కౌంటీ కమిషనర్లు రోడ్లకి పేర్లు పెడతామన్నారు. 911కి ఫోను చేస్తే అంబులెన్సు వచ్చే ఏర్పాటు మా వైపుకీ వచ్చింది. దానికి ప్రతి రోడ్డుకీ పేరుండాలి, ప్రతి ఇంటికీ నంబరుండాలి. అంతకుముందు మా రోడ్డంటే బెతెల్ చర్చి దగ్గర ఉత్తరానికి తిరిగే కంకర రోడ్డు, అంతే. దాని మీద మూడే ఇళ్ళు. ఆ రోడ్డు మీద ఉండేవాళ్ళు పేరు సూచించవచ్చు, సంతకాలు పెట్టి అర్జీ ఇవ్వొచ్చు, కోర్టుహౌసులో విచారణ పెట్టి నిర్ణయిస్తామని హెరాల్డ్‌లో ప్రకటన వేశారు.

ఆ ప్రకటన చదివేసరికి నా ప్రాణం లేచొచ్చింది. వెంజెల్ రోడ్డు. ఆకుపచ్చ రేకు మీద తెల్లక్షరాలతో, మలుపు దగ్గర, అందరికీ కనబడేలా. ఇంక నీవా థార్ప్ ఏం రాస్తుందో చూద్దామనుకున్నాను.

ఆ పొద్దున్నే దాల్చిన చెక్క రొట్టెలు చేసి, పళ్ళెంలో పెట్టుకుని మిగతా రెండిళ్ళకీ వెళ్ళాను. వేడివేడి రొట్టె చేతిలో పెడితే ఎవరైనా దేనికైనా సంతకం పెడతారు. అందరూ పెట్టారు. డ్వైట్‌కి మాత్రం ఇదంతా సిగ్గుగా ఉంది.

"రోడ్డుకి మన పేరెందుకే, రోడ్డు మీద మనం పోతే చాలదా?" అన్నాడు.

నీకు చాలుతుంది, నీకేం తెలుసు, అని కసిరాను. ఆయన పుట్టి పెరిగిందీ ఈ చుట్టుపక్కలే. ఏ ఇంటి పేరు ఏమిటో ఆయనకి పట్టేది కాదు. సొంత ఇంటిని ఆయనే ఒకటి రెండుసార్లు విత్తనాల కొట్లో లిండ్‌హోమ్ వాళ్ళిల్లని చెప్పడం నా చెవిన పడింది. ఆ రాత్రి ఆయనకి ఉడకబెట్టిన బంగాళాదుంపలే పెట్టాను, ఉప్పు కూడా వెయ్యకుండా.

రెండు వారాల తర్వాత హెరాల్డ్‌లో కమిషనర్ల ముందుకొచ్చిన పేర్ల జాబితా పడింది. మా రోడ్డుకెదురుగా 'లిండ్‌హోమ్ రోడ్డు, కౌంటీ చరిత్ర సంఘం సిఫారసు' అని ఉంది. నా అర్జీ ఊసే లేదు. చరిత్ర సంఘమంటే పెద్ద సంఘమేం కాదు, లైబ్రరీ నేలమాళిగలో నెలకోసారి కూర్చుని కేకు తినే నలుగురైదుగురు. వాళ్ళ కార్యదర్శి ఎవరనుకున్నారు, నీవా థార్ప్.

ఫోను తీసి నీవాని దులిపేశాను. మా సంతకాలేమయ్యాయి, మీ సంఘానికి మా రోడ్డు మీద పెత్తనమేమిటి, లిండ్‌హోమ్‌లు ఆ రోడ్డు మీద ఇప్పుడు ఒక్కరైనా ఉన్నారా అని అడిగాను. ఆవిడ ఊపిరి బిగబట్టి అంతా విని, తాపీగా మొదలుపెట్టింది.

"నేనేమన్నా కొత్తగా కనిపెట్టానా, ఆర్డిస్? అందరూ అనేదే రాశాం. అంబులెన్సు నడిపేవాళ్ళక్కూడా ఆ పేరయితేనే తెలుస్తుంది. అయినా ఆ ఇంటికి మీరొచ్చి ఎన్నాళ్ళయింది?"

"ముప్ఫై ఎనిమిదేళ్ళు."

"అదే చెప్తున్నా. మొన్న మొన్ననే గదా."

నేను ఫోను పెట్టిన పెట్టుడికి గోడ మీద క్యాలెండరు ఊడి కింద పడింది.

ఇక మిగిలింది ఒక్కటే దారి. లిండ్‌హోమ్ ఆవిడగారే ఈ రోడ్డుకి నా పేరొద్దు అని చెప్తే సంఘం ఏం చేస్తుంది? అందుకని సిగ్నే దగ్గరికే వెళ్ళాను. అప్పటికి ఆవిడకి తొంభై దాటాయి, ఓస్బీలో ముసలివాళ్ళని చూసుకునే ఆశ్రమంలో ఉంది. చక్రాల కుర్చీలో కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. కిటికీలోంచి కనబడేది కార్లు నిలిపే జాగా. నన్ను చూసి ఇది పూల కాలం కాదే అంది.

నేను చుట్టూ తిప్పకుండా అడిగేశాను. రోడ్డుకి మీ పేరు పెడుతున్నారు, ఆ ఇంట్లో ఉంటున్నది మేం, మీరొద్దని ఒక్కమాట చెప్తే కమిషనర్లు వింటారు, అన్నాను. ఆవిడ కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందేమో అనుకున్నాను.

"నేను పెళ్ళయి ఆ ఇంటికొచ్చేటప్పటికి అది ప్రాట్ వాళ్ళిల్లు," అంది. "ప్రాట్‌లెవరో నేనెప్పుడూ చూడలేదు. మేమున్నన్నాళ్ళూ అది ప్రాట్ వాళ్ళిల్లే, అమ్మాయ్. నా చంటిది పోయినప్పుడు ప్రాట్ వాళ్ళింట్లో పోయింది. ఆక్సెల్‌ని పెట్టెలో పెట్టి బయటికి తెస్తే, 'ప్రాట్ వారి ఇంటి నుండి అంతిమయాత్ర' అని పేపర్లో వేశారు. ఆ పేజీ పొయ్యిలో పెట్టాను."

ఆవిడ చెప్పుకుపోయింది. మాకు ఇల్లమ్మి, వేలంలో సామానంతా పోయాక, ఓస్బీకొచ్చిన మొదటి గురువారం హెరాల్డ్ తెరిచి చూస్తే అందులో ఉందట, వెంజెల్ దంపతులు లిండ్‌హోమ్ వారింట్లో దిగారని. అంతకుముందు ఎవరి నోటా ఆ మాట వినలేదట.

"అక్కడున్నంత కాలం పేరివ్వరు. బయటికి నడిచావంటే, మరుసటి వారం నీదే."

"సంతోషించి ఉంటారు," అన్నాను. ఎగతాళిగానే అన్నాను.

ఆవిడ నా వైపు తిరిగి నన్ను పైనించి కిందికి చూసింది.

"పేరు కావాలా నీకు? తీసుకో. వద్దంటున్నానని వాళ్ళకి చెప్పు. ఇల్లు నాకిచ్చెయ్."

ముసల్దానికి నేను నవ్వులాటయ్యాను అనుకున్నాను. హ్యాండ్‌బ్యాగు భుజానికి తగిలించుకుని లేచాను. తలుపు దాకా వచ్చాక వెనక నుంచి అడిగింది, సింకు ముందు కిటికీ ఇంకా అలాగే ఉందా అని. ఉందన్నాను. పొద్దున్నే ఎండ సరిగ్గా చేతుల మీద పడుతుంది కదూ అంది. పడితే ఏం, తోమేది గిన్నెలేగా అని చెప్పి వచ్చేశాను. దారంతా పళ్ళు నూరుకుంటూనే ఉన్నాను.

విచారణ కోర్టుహౌసు మేడ మీద జరిగింది. కమిషనర్లు ముగ్గురికీ పెద్ద వర్న్ హేగర్. మాకు మొక్కజొన్న విత్తనాలమ్మేదీ ఆయనే. సగం కౌంటీ అక్కడే ఉంది, కాఫీ ఉచితం కాబట్టి. ముందు ఒక నిబంధన చదివాడు. రోడ్డు మీద ప్రస్తుతం ఎవరుంటున్నారో వాళ్ళ పేరు ఆ రోడ్డుకి పెట్టకూడదట. కౌంటీలో అవతలి వైపు బావాబావమరుదులిద్దరు నా పేరంటే నా పేరని కొట్టుకుని, ఒకడి ముక్కు పగిలిందట. అందుకని ఈ రూలు పెట్టారు.

లేచి నిలబడ్డాను. మేం పన్ను కడుతున్నాం, ఆ రోడ్డు మంచు మేమే తోసుకుంటున్నాం, ఎప్పుడో వెళ్ళిపోయినవాళ్ళ పేరెందుకు, ఉన్నవాళ్ళు మనుషులు కాదా అని అడిగాను. డ్వైట్ నా కోటు అంచు పట్టుకుని లాగుతున్నాడు. వర్న్ పెన్సిలు చెవి మీద పెట్టుకుని నవ్వాడు.

"రూలు రూలే, ఆర్డిస్. నువ్వొకసారి ఆ రోడ్డు ఖాళీ చెయ్, అప్పుడు చూద్దాం."

హాలంతా గొల్లున నవ్వింది. డ్వైట్ కూడా నవ్వాడు. వెనక వరసలో నీవా థార్ప్ నవ్వుతూనే రాసుకుంటోంది. ఇంటికొచ్చే దారిలో నేను డ్వైట్‌తో ఒక్క మాట మాట్లాడితే ఒట్టు.

వేసవిలో రేకు పాతారు. సరిగ్గా మా దారికెదురుగా. లిండ్‌హోమ్ రోడ్డు. ఇంక కరెంటు బిల్లు, విత్తనాల కంపెనీ క్యాలెండరు, పెళ్ళి పిలుపు, ఏదొచ్చినా నా పేరు కింద ఆవిడ పేరుండేది. పికప్ ట్రక్కు వెనక్కి తీసుకుంటూ పొరపాటున దానికి తగిలించేస్తే ఎవరేం చేస్తారని ఒకసారి గట్టిగానే ఆలోచించాను. డ్వైట్ నా మొహం చూసి కనిపెట్టేశాడు. మర్నాటి నుంచి తాళంచెవి ఆయన జేబులోనే ఉండేది.

ఆ చలికాలంలో సిగ్నే పోయింది. హెరాల్డ్‌లో సగం పేజీ వేశారు. దానితో పాటు ఇంటి ఫోటో. నా ఇల్లు. కిటికీలకి నేను కుట్టిన పసుపు తెరలు కూడా కనబడుతున్నాయి. కింద 'లిండ్‌హోమ్ వారి నివాసం' అని ఉంది. చావులోనూ నన్ను వదల్లేదనుకున్నాను. అంత్యక్రియలకి వెళ్ళాను, వెళ్ళకపోతే అనుకుంటారని. చర్చి నేలమాళిగలో హ్యామ్ శాండ్‌విచ్‌లు తింటూ అందరూ ఆవిడ ఆపిల్ ముక్కలు పెట్టి కాల్చే 'పై' గురించే. నేను చేసిన 'పై' తిని ప్రాణం పోయినవాళ్ళెవరూ లేరే అని డ్వైట్ చెవిలో అన్నాను. ఆయన దగ్గుతున్నట్టు నటించి బయటికి వెళ్ళిపోయాడు.

మళ్ళీ మే నెల వచ్చింది. బకెట్టుతో ఎవరూ రాలేదు. అలవాటు కొద్దీ ముందురోజు వంటింటి నేల రుద్దేశాను. తర్వాత కుర్చీలో కూర్చుని దారి వైపు చూస్తే అప్పుడు గుర్తొచ్చింది. ఆ పూలన్నీ నాకే మిగిలాయి. నా వాళ్ళ సమాధులు ఎక్కడో దూరపు కౌంటీలో ఉన్నాయి. వాన పడి పూలు బరువెక్కి, మొహాలు బురదలో పెట్టుకుని అలాగే కుళ్ళిపోయాయి.

ఆ తర్వాతి వసంతంలో, విత్తనాలు వేసే రోజుల్లో, పొద్దున్నే కాఫీ తాగి యంత్రాల కొట్టంలోకి వెళ్ళిన డ్వైట్ తిరిగి రాలేదు. పిలిస్తే పలకలేదు. వెళ్ళి చూస్తే విత్తనాల యంత్రం పక్కన పడున్నాడు, నోరు ఒక వైపుకి పోయింది. ఇంట్లోకి పరిగెత్తి 911 నొక్కాను. అవతల ఎవరో అమ్మాయి, అడ్రసు చెప్పండి అంది. ఇంటి నంబరు ఫోను పైనే అంటించి ఉంది. రోడ్డు పేరు రోజూ చూస్తున్నదే. ఒక్కటీ గుర్తు రాలేదు. నా పేరైనా గుర్తుందో లేదో.

"లిండ్‌హోమ్ వాళ్ళింటికి రండి," అన్నాను. "తొందరగా. లిండ్‌హోమ్ వాళ్ళింటికి."

మా అంబులెన్సు నడిపేది అంతా ఊరివాళ్ళే, చేతిలో పని వదిలి పరిగెత్తుకొస్తారు. ఆ అమ్మాయి ఇంకో ప్రశ్న వెయ్యలేదు. వాళ్ళెవ్వరూ దారి అడగలేదు. నేను డ్వైట్ తల ఒళ్ళో పెట్టుకుని కూర్చోగానే సైరన్ వినబడింది. ఆ పేరు అంత తొందరగా మనిషిని తెస్తుందని నాకు తెలీదు. నా నోటి నుంచే వచ్చిందన్నది కూడా ఆస్పత్రిలో కూర్చున్నాక గాని తట్టలేదు. అప్పుడు ఏడ్చాను. దేనికో చెప్పలేను.

ప్రాణం దక్కింది గానీ ఎడమ చెయ్యి, ఎడమ కాలు చచ్చుబడ్డాయి. సేద్యం మాట మర్చిపొమ్మన్నారు. పిల్లలెవరికీ పొలం మీద మనసు లేదు. నేనొక్కదాన్నీ ఆ మేడమెట్లు, ఆ మంచు, ఆయన కుర్చీ, ఎన్నాళ్ళు నెట్టగలను? అమ్మేశాం. కొన్నది రూడ్ అనే కుర్రజంట, కోల్, టెస్సా. వేలం రోజున నా పాలక్యాన్లు, నా పిండి డబ్బాలు పచ్చిక మీద వరసగా పెట్టి జనం తిరగేసి చూస్తుంటే, కారులో కూర్చుని అద్దం ఎత్తేసుకున్నాను. మేం ఓస్బీలో కోర్టుహౌసు వెనక చిన్న ఇంటికి మారాం. అక్కడ సింకు ముందు నిలబడితే కిటికీలోంచి కనబడేది పక్కింటివాళ్ళ గ్యారేజీ గోడ. బూడిదరంగు.

మొదటి గురువారం హెరాల్డ్ వచ్చింది. తెరిచాను. నీవా థార్ప్ రాసింది: 'యువ దంపతులు కోల్, టెస్సా రూడ్ వెంజెల్ వారి ఇంట్లో దిగారు. వారికి స్వాగతం.'

రెండుసార్లు చదివాను. డ్వైట్‌కి చదివి వినిపించాను. ఆయన మంచి వైపు పెదవితో నవ్వాడు.

"వచ్చిందిగా నీ పేరు," అన్నాడు, మాట ముద్దముద్దగా. "ఇంక నాకు ఉప్పేసిన బంగాళాదుంపలు పెట్టు."

ఆయన కోసం నవ్వాను. కత్తెర తెచ్చి ఆ ముక్క కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించాను. గిన్నెలు తోముతూ దాని వైపు చూశాను, తర్వాత గోడ వైపు చూశాను. సంతోషం వస్తుందేమోనని ఆ వారమంతా చూశాను. ఆదివారం చర్చిలో ఒకాయన నా చెయ్యి ఊపుతూ, నిన్న మీ వెంజెల్ వాళ్ళింటి ముందు నుంచే వెళ్ళాను, వరండాకి నీలం రంగు వేస్తున్నారు, అన్నాడు. నీలమా అన్నాను.

ఆ శీతాకాలం దాటకుండానే డ్వైట్ కూడా వెళ్ళిపోయాడు. బెతెల్ చర్చి పక్కన, మా రోడ్డు మొదట్లో ఉన్న సమాధుల తోటలోనే పెట్టాం. సిగ్నే, ఆక్సెల్ అక్కడే రెండు వరసల అవతల ఉన్నారు.

మే నెలాఖరుకి బకెట్టు, కత్తి కారులో పెట్టుకుని బయల్దేరాను. చర్చి దగ్గర మలుపు తిరిగి వెళ్తే, ఇంటి దారికెదురుగా ఆకుపచ్చ రేకు అలాగే ఉంది, లిండ్‌హోమ్ రోడ్డు. ఇంటి ముందు కారాపాను. వరండా నిజంగానే నీలం. నా పసుపు తెరలు లేవు. దక్షిణం పక్కన వరస మాత్రం ఉంది, చీమలు పాకుతున్న మొగ్గలతో. నేరుగా అక్కడికే వెళ్ళి వంగాను. నాలుగు పూలు కోశాక గాని తలుపు కొట్టలేదన్న సంగతి తట్టలేదు. అడగడమేమిటి, ఇన్నేళ్ళు నీళ్ళు పోసిందెవరు, అనుకుని ఐదోది కోశాను.

వంటింటి తలుపు తెరుచుకుంది. టెస్సా బయటికొచ్చింది. తడి చేతులు తువ్వాలుతో తుడుచుకుంటోంది, చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి ఉన్నాయి. ఆ మొహం నేనెరుగుదును. సరిగ్గా ఆ మొహంతోనే నేను ఆ గుమ్మంలో నిలబడేదాన్ని. దవడ బిగబట్టి, నోటి చివర్ల మాత్రం నవ్వుతూ.

"వెంజెల్ గారు కదూ," అంది. "కోసుకోండి, కోసుకోండి. మీవేగా. అందరూ అదే అంటారు."

నేను బకెట్టు పట్టుకుని గుమ్మం దగ్గరికి వెళ్ళాను. కాఫీ తాగుతారా అని అడిగింది. వద్దన్నాను. ఉన్నట్టుండి ఆ పిల్ల నోరు విప్పింది.

"ఒక మాట అడుగుతాను, ఏమనుకోకండి. గొర్రె పిల్లలు కొందామని ఫోను చేస్తే వెంజెల్ వాళ్ళింటికి తోలుకొస్తామంటారు. మా అమ్మ ఉత్తరం రాస్తే దాని మీద లిండ్‌హోమ్ రోడ్డు. మొన్న నాకు బిడ్డ పుడితే, 'వెంజెల్ వారింట్లో ఆడపిల్ల' అని పేపర్లో వేశారండీ. నా పిల్లని. రోడ్డేమో లిండ్‌హోమ్, ఇల్లేమో వెంజెల్. మరి నేనెక్కడున్నట్టు?"

కళ్ళలో నీళ్ళు తిరిగాయి ఆ పిల్లకి. కోపంతో వచ్చే నీళ్ళు. అవి నాకు బాగా తెలుసు.

ఆ మాటకి జవాబు నా దగ్గరుంది. ప్రాట్‌ల సంగతి చెప్పొచ్చు. చక్రాల కుర్చీలో కూర్చుని సిగ్నే నాతో అన్నది అన్నట్టే చెప్పొచ్చు. ఆ ఒక్క మాటతో పిల్ల మనసు కాస్త కుదుటపడేది. చెబుదామనే నోరు తెరిచాను.

అప్పుడు ఆమె భుజం మీంచి లోపలికి చూశాను. సింకు ముందు కిటికీ. కిటికీలోంచి ఎండ వచ్చి సగం తోమిన గిన్నెల మీద పడుతోంది. నేల మీద పాలసీసా ఒకటి దొర్లి ఉంది. ఎక్కడో లోపల పసిపిల్ల కేరింతలు కొడుతోంది. ఇప్పుడీ పిల్ల లోపలికెళ్ళి, ఆ ఎండలో చేతులు పెట్టుకుని, ఆ గిన్నెలు తోముతుంది. ఇంకో ముప్ఫై నలభయ్యేళ్ళు తోముతుంది. నా గుండెల్లో పాత మంట మళ్ళీ లేచింది. ఈసారి పేరు కోసం కాదు.

"ఈ ఏడు మొగ్గలు చిన్నవయ్యాయేం?" అన్నాను. "పొయ్యి బూడిద వెయ్యలేదా?"

ఆ పిల్ల మొహం ఎర్రగా కందిపోయింది. నేను మళ్ళీ వరస దగ్గరికెళ్ళి వంగాను. డ్వైట్‌కి కొన్ని కోశాను, సిగ్నేకి కొన్ని.